పగడపు దిబ్బలు: సముద్ర తాపం, తెల్లబారడం

పగడపు దిబ్బ (ప్రవాళ భిత్తిక): వెచ్చగా, తేటగా, లోతు తక్కువగా ఉండే సముద్రాల్లో పగడపు జీవులు తరతరాలుగా విడిచిన సున్నపు అస్థిపంజరాలు ఒకదానిమీద ఒకటి పేరుకుని గట్టిపడగా ఏర్పడిన కట్టడం. దిబ్బ ఎంత పెద్దదైనా ప్రాణం ఉండేది పైనున్న పలచని పొరలోనే. కిందిదంతా రాయి. సముద్రపు అడుగు వైశాల్యంలో ఈ దిబ్బలు ఒక శాతం కూడా ఉండవు. అయినా తెలిసిన సముద్రజీవ జాతుల్లో సుమారు నాలుగోవంతు ఏదో ఒక దశలో వీటిని ఆశ్రయించి బతుకుతాయి. గత నాలుగు దశాబ్దాలుగా ఈ దిబ్బలకు అన్నిటికన్నా పెద్ద ముప్పు నీటి వేడి. ఆ వేడి దిబ్బను ఎలా దెబ్బతీస్తుందో, భారత జలాల్లో జరిగిందేమిటో, సముద్రానికి దూరంగా ఉన్న అనంతగిరి, తాండూరు ప్రాంతానికి ఈ విషయంతో ఉన్న సంబంధమేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

పేరు, వాడుక

తెలుగులో పగడం అనగానే గుర్తొచ్చేది నవరత్నాల్లోని ఎర్రని పూస. కుజుడికి చెప్పిన రత్నం అదే. బంగారు గుండ్లతో కలిపి గుచ్చే పగడాల పేరులోనిదీ అదే. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో వేయించిన మోటుపల్లి అభయ శాసనంలో సుంకం విధించిన సరకుల పట్టికలో పగడం కూడా ఉంది. ఆ కాలంలో ఎర్ర పగడానికి పేరుపడింది మధ్యధరా సముద్రం. ఈ నగల పగడం వెలుతురు తక్కువగా ఉండే చోట్ల పెరుగుతుంది, దిబ్బలు కట్టదు. దిబ్బలు కట్టేవి వేరే వర్గానికి చెందిన రాతి పగడాలు. ఒకే మాట రెండిటికీ చెల్లుతున్నందువల్ల పుట్టే గందరగోళం తక్కువేమీ కాదు. ఈ వ్యాసంలో పగడం అంటే రాతి పగడమే.

జీవి, నిర్మాణం

పగడం జంతువు. జెల్లీఫిష్, సముద్రపుష్పాలతో పాటు నిడేరియా వర్గానికి, అందులో ఆంథోజోవా తరగతికి చెందుతుంది. ఒక్కో జీవిని పాలిప్ అంటారు. చాలా జాతుల్లో పాలిప్ కొన్ని మిల్లీమీటర్లకు మించదు. చిన్న సంచిలాంటి ఒళ్లు, పైన నోరు, నోటి చుట్టూ స్పర్శకాలు, వాటి నిండా దంశకణాలు. పగలు ముడుచుకుని ఉండే స్పర్శకాలు చాలా జాతుల్లో రాత్రి విచ్చుకుని నీటిలో తేలే సూక్ష్మజీవులను పట్టుకుంటాయి. పాలిప్ తన అడుగున కాల్షియం కార్బొనేట్‌ను గిన్నె ఆకారంలో స్రవించి అందులో కూర్చుంటుంది. తానే చీలి పక్కన మరో పాలిప్‌ను పుట్టిస్తుంది. ఇలా వేల పాలిప్‌లు ఒకే కండపొరతో కలిసి ఒక సమూహం అవుతాయి.

పాలిప్ కణజాలంలో జూజాంథెల్లాలు అనే ఏకకణ శైవలాలు నివసిస్తాయి. ఇవి కిరణజన్య సంయోగక్రియతో తయారుచేసే చక్కెరల్లో ఎక్కువ భాగాన్ని పగడానికి ఇచ్చేస్తాయి. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఇలా సమకూరుతుంది. బదులుగా పగడం వాటికి చోటు, కార్బన్ డయాక్సైడ్, తన వ్యర్థాల్లోని నత్రజని ఇస్తుంది. దిబ్బకు కనిపించే గోధుమ, పచ్చ రంగుల్లో ఎక్కువ భాగం ఈ శైవలాలదే. ఉష్ణమండల సముద్రంలో పోషకాలు తక్కువ. అలాంటి నీటిలో ఇంత జీవరాశి నిలబడటానికి మూలం ఈ సహజీవనం. వేడి దెబ్బతీసేది కూడా దీన్నే.

దిబ్బ పెరగాలంటే నీరు సుమారు 23 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. తగినంత ఉప్పదనం, వెలుతురు దిగే తేటదనం, అతుక్కోవడానికి గట్టి నేల కావాలి. కొమ్మల్లా పెరిగే ఆక్రోపోరా జాతులు ఏడాదికి 10 సెంటీమీటర్లకు పైగా ఎదగగలవు. బండల్లా పెరిగే పోరైటిస్ వంటివి సెంటీమీటరు అటూ ఇటూ పెరుగుతాయి.

రకాలు

తీరాన్ని అంటిపెట్టుకుని ఉండేవి అంచు దిబ్బలు. అండమాన్, నికోబార్ దీవుల చుట్టూ ఉన్నవి ఎక్కువగా ఇవే. తీరానికీ దిబ్బకూ మధ్య లోతైన నీరుంటే అవరోధ దిబ్బ; ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలో 2,300 కిలోమీటర్ల పొడవున ఉన్న గ్రేట్ బ్యారియర్ రీఫ్ దీనికి పెద్ద ఉదాహరణ. మధ్యలో ఉప్పునీటి మడుగును చుట్టి వలయంగా ఉండేవి అటాల్‌లు. లక్షద్వీప్ ఈ రకానిది.

ఈ మూడూ ఒకే ప్రక్రియలో వరస దశలని చార్లెస్ డార్విన్ 1842లో ప్రతిపాదించాడు. అగ్నిపర్వత ద్వీపం నెమ్మదిగా కుంగుతుంటే దాని అంచున ఉన్న దిబ్బ పైపైకి పెరుగుతూ చివరకు వలయంగా మిగులుతుందన్నది ఆయన వాదం. పసిఫిక్‌లోని ఎనివెటాక్ అటాల్ వద్ద 1952లో బోరు వేసినప్పుడు 1,200 మీటర్లకు పైగా సున్నపురాయి కింద అగ్నిశిల తగలడంతో అది రుజువైంది.

సముద్రం ఎందుకు వేడెక్కుతోంది

బొగ్గు, చమురు, సహజవాయువుల దహనం వల్ల గాలిలో చేరిన హరితగృహ వాయువులు భూమిమీద నిలిపేస్తున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రంలోకే పోతోంది. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో వెలువరించిన అంచనా ప్రకారం ఉష్ణమండల హిందూ మహాసముద్రపు ఉపరితల ఉష్ణోగ్రత 1951–2015 మధ్య సగటున సుమారు 1 డిగ్రీ పెరిగింది. అదే కాలంలో ప్రపంచ సముద్రాల సగటు పెరుగుదల 0.7 డిగ్రీలు. దీనిమీద ఎల్ నినో ఏడాది వచ్చిపడితే నీరు వారాల తరబడి మామూలుకన్నా వేడిగా ఉండిపోతుంది. దాన్ని సముద్ర ఉష్ణతరంగం అంటారు. (చూ. ఎల్ నినో, హిందూ మహాసముద్ర ద్విధ్రువం)

ఒక డిగ్రీ అంటే నేలమీద బతికేవారికి లెక్కలోకి రాదు. వికారాబాద్‌లో వేసవి పగటికీ రాత్రికీ తేడా అంతకు ఎన్నో రెట్లుంటుంది. ఉష్ణమండల సముద్రంలో మాత్రం ఏడాది మొత్తం మీద వచ్చే మార్పే కొద్ది డిగ్రీలు. వేసవిలో పగడం తాను తట్టుకోగల వేడికి ఒకటి రెండు డిగ్రీల దిగువనే బతుకుతుంటుంది.

తెల్లబారడం: జరిగే తీరు

నీటి వేడి హద్దు దాటి, పైనుంచి ఎండ కూడా తీవ్రంగా ఉన్నప్పుడు శైవలాల్లో కిరణజన్య సంయోగక్రియ జరిపే వ్యవస్థ దెబ్బతింటుంది. వెలుతురు శక్తిని చక్కెరగా మార్చలేక, కణాలకు హాని చేసే చురుకైన ఆక్సిజన్ రూపాలు పుట్టుకొస్తాయి. అవి పగడం ఒంట్లోకి చేరతాయి. అన్నం పెట్టిన జీవే విషం పెట్టేదిగా మారడంతో పాలిప్ ఆ శైవలాలను బయటికి తోసేస్తుంది. అవి పోయాక మిగిలేది అద్దంలాంటి పారదర్శకమైన కండ. దాని గుండా అడుగున ఉన్న తెల్లని అస్థిపంజరం కనిపిస్తుంది. దీన్నే శాస్త్ర పరిభాషలో వివర్ణత అనీ, వాడుకలో బ్లీచింగ్ అనీ అంటున్నారు.

తెల్లబారిన పగడం చచ్చిన పగడమని చాలామంది అనుకుంటారు, పత్రికలు కూడా అలాగే రాస్తుంటాయి. ఆ దశలో అది బతికే ఉంటుంది. ఆకలితో ఉంటుంది. రాత్రి స్పర్శకాలు పట్టే ఆహారం దాని అవసరంలో కొద్ది భాగమే తీరుస్తుంది. కొన్ని వారాల్లో నీరు చల్లబడితే ఒంట్లో మిగిలిన కొద్దిపాటి శైవలాలు మళ్లీ పెరిగి, నెలల మీద రంగు తిరిగొస్తుంది. అలా కోలుకున్నవి కూడా ఆపై ఒకటి రెండు సంవత్సరాలు సరిగా పునరుత్పత్తి చేయలేవు, తేలిగ్గా జబ్బుపడతాయి.

చల్లబడకపోతే కండ పొరలు పొరలుగా ఊడిపోతుంది. కొద్ది రోజుల్లోనే ఆ తెల్లని సున్నం మీద ఆకుపచ్చ, గోధుమ రంగు నాచు పడుతుంది. మరణించిందనడానికి ఆ నాచే గుర్తు. తరవాత స్పాంజీలు, తొలిచే పురుగులు, సముద్రపు అర్చిన్లు అస్థిపంజరాన్ని గుల్లచేస్తాయి. కొమ్మ పగడాలు అలలకు విరిగి గుట్టలుగా పడతాయి. ఆ ముక్కలు అలల వెంట దొర్లుతూ ఉంటే కొత్త పగడపు డింభకాలు వాటిమీద నిలదొక్కుకోలేవు. చేపలకు దాగే కంతలు పోతాయి. నాచును గీకి తినే చిలక చేపల వంటివి తగినన్ని ఉన్నచోట దిబ్బ కోలుకునే అవకాశం కొంత మిగులుతుంది. అవి కూడా వేటలో పోయినచోట నాచుదే రాజ్యం.

అన్ని జాతులూ ఒకేలా దెబ్బతినవు. ఆక్రోపోరా, పోసిల్లోపోరా వంటి కొమ్మ పగడాలు ముందు పోతాయి. బండ పగడాలు ఎక్కువకాలం తట్టుకుంటాయి. అందువల్ల పదేపదే తెల్లబారిన దిబ్బ మీద పగడం మిగిలినా దాని రూపురేఖలు మారిపోతాయి. కొమ్మల చిక్కదనం పోయి గుండ్రటి బండలే కనిపిస్తాయి.

కొలమానం

ఒక ప్రదేశంలో ఏడాదిలోకెల్లా వేడైన నెల సగటు ఉష్ణోగ్రతను ప్రమాణంగా తీసుకుంటారు. నీరు దానికన్నా 1 డిగ్రీ పైకి వెళితే తెల్లబారే ప్రమాదం మొదలైనట్టు. ఎంత వేడి, ఎన్ని వారాలు అనే రెండిటినీ కలిపి లెక్కించేదే డిగ్రీ హీటింగ్ వీక్స్. హద్దుకు చేరిన వేడిని గత 12 వారాలకు కూడతారు. ఆ మొత్తం 4 చేరితే గణనీయంగా తెల్లబారతాయి. 8 చేరితే తీవ్రంగా తెల్లబారి మరణాలు మొదలవుతాయి. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా 2023 డిసెంబరులో తన హెచ్చరిక స్థాయిలను 2 నుంచి 5కు పెంచింది. పాత కొలబద్ద చాలనంత వేడి నమోదవుతుండటమే అందుకు కారణం.

చారిత్రక ఘటనలు

వేడికి పగడాలు శైవలాలను కోల్పోవడాన్ని 1928–29 నాటి గ్రేట్ బ్యారియర్ రీఫ్ పరిశోధన యాత్రలోనే గమనించారు. విశాల ప్రాంతంలో ఒకేసారి తెల్లబారడం 1982–83 ఎల్ నినో నుంచి గట్టిగా దృష్టికి వచ్చింది. ప్రపంచవ్యాప్త ఘటనలుగా గుర్తించినవి నాలుగు: 1998, 2010, 2014–17, 2023లో మొదలైనది. మొదటిదానిలోనే ప్రపంచ పగడాల్లో సుమారు 16 శాతం పోయాయని అంచనా. మన పొరుగున ఉన్న మాల్దీవుల్లో లోతు తక్కువ దిబ్బలు ఆ ఏడాది దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. నాలుగో ఘటనను 2024 ఏప్రిల్‌లో అధికారికంగా ప్రకటించారు. 2025 వసంతం నాటికి ప్రపంచ దిబ్బల విస్తీర్ణంలో 80 శాతానికి పైగా దాని వేడికి గురైంది.

మరణాలకన్నా ఆందోళన కలిగించేది ఘటనల మధ్య ఎడం. 1980ల తొలినాళ్లలో ఒక దిబ్బ తీవ్రంగా తెల్లబారితే మళ్లీ అలా జరగడానికి 25–30 ఏళ్లు పట్టేది. 2016 నాటికి అది సుమారు 6 ఏళ్లకు దిగింది. వేగంగా పెరిగే జాతులు కోలుకోవడానికే 10–15 ఏళ్లు కావాలి.

భారత జలాల్లో

దేశంలో పెద్ద దిబ్బలు నాలుగు చోట్ల ఉన్నాయి: అండమాన్ నికోబార్, లక్షద్వీప్, తమిళనాడులోని మన్నార్ సింధుశాఖ (పాక్ అఖాతంతో కలిపి), గుజరాత్‌లోని కచ్ సింధుశాఖ.

లక్షద్వీప్ 1998, 2010, 2016లలో దెబ్బతింది. 1998 నుంచి రెండు దశాబ్దాలకు పైగా అక్కడ సాగిన పరిశీలనలో జీవమున్న పగడపు కప్పు దాదాపు సగానికి తగ్గినట్టు తేలింది. 2023 అక్టోబరు చివరి నుంచి అక్కడ ఉష్ణతరంగం నెలల తరబడి కొనసాగింది. 2024 మే నాటికి గట్టి జాతులు కూడా తెల్లబారినట్టు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వెల్లడించింది. సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తులో ఉండే ఈ దీవులకు దిబ్బే అలకట్ట. గాలంకర్రతో ట్యూనా పట్టే దీవివాసుల సంప్రదాయ వేటకు కావలసిన సజీవ ఎరచేపలు దొరికేది ఆ దిబ్బల మడుగుల్లోనే.

మన్నార్ సింధుశాఖలో రామేశ్వరం, తూత్తుకుడి మధ్య 21 దీవులుండేవి. సున్నం కోసం దశాబ్దాల పాటు పగడాలను తవ్వడంతో వాటిలో రెండు నీట మునిగాయి. తవ్వకాలు ఆగాక దిబ్బ కోలుకుంటున్న దశలో 2010, 2016 వేసవులు వచ్చాయి. మనిషి చెయ్యి తీసేస్తే తిరిగి పెరుగుతుందని నిరూపించిన దిబ్బే, దూరంలో మండే బొగ్గుకు తలవంచింది. కచ్ దిబ్బలు పెద్ద ఆటుపోట్లకు, బురదనీటికి అలవాటుపడ్డవి. అక్కడ జాతుల సంఖ్య తక్కువ, ఓర్పు ఎక్కువ.

అనంతగిరి, తాండూరు, తెలుగుతీరం

ఆంధ్రప్రదేశ్‌కు వెయ్యి కిలోమీటర్లకు మించిన తీరం ఉన్నా చెప్పుకోదగ్గ పగడపు దిబ్బ లేదు. కారణం నదులు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ సుమారు 240 కిలోమీటర్లు పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. తాండూరు పక్కగా వెళ్లే కాగ్నా భీమా నది ద్వారా అదే కృష్ణకు చేరుతుంది. కొండకు అటూ ఇటూ కురిసిన వాన చివరకు ఒకే బంగాళాఖాతంలో పడుతుంది. కృష్ణ, గోదావరి యుగాలుగా మోసుకొచ్చిన ఒండ్రు తీరపు అడుగును మెత్తని బురదగా మార్చింది, నీటిని మసకబార్చింది. వరద కాలంలో మంచినీరు ఉప్పదనాన్ని తగ్గిస్తుంది. డెల్టాకు ప్రాణం పోసినదే పగడానికి అడ్డయింది. విశాఖ వైపు రాతి తీరంలో మాత్రం, పూడిమడక వంటి చోట్ల, నీటి అడుగు బండల మీద విడివిడి పగడపు సమూహాలు ఉన్నట్టు జూలాజికల్ సర్వే పరిశీలనల్లో నమోదైంది.

తాండూరు నాపరాయి కూడా సముద్రంలో పేరుకున్న సున్నపురాయే కాబట్టి అది పగడాల రాయేనా అన్న సందేహం రావచ్చు. కాదు. భీమా హరివాణానికి చెందిన ఆ పొరలు ప్రాక్‌కేంబ్రియన్ కాలానివి. అప్పటికి పగడాలు పుట్టనే లేదు. నేటి రాతి పగడాల వంశం మొదలై సుమారు 24 కోట్ల ఏళ్లే అయింది. రసాయనికంగా మాత్రం రెండూ కాల్షియం కార్బొనేటే. వంటింటి నాపరాతి గట్టు మీద నిమ్మచెక్క పిండి కాసేపు వదిలేస్తే అక్కడ నునుపు పోయి తెల్లని మచ్చ పడుతుంది. ఆమ్లం సున్నాన్ని తినేసిన గుర్తది. మనుషులు గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో నాలుగోవంతు దాకా పీల్చుకుంటున్న సముద్రంలో ఇదే దిశలో మార్పు జరుగుతోంది. పారిశ్రామిక యుగానికి ముందు సుమారు 8.2 ఉన్న ఉపరితల నీటి పీహెచ్ ఇప్పుడు 8.1కి దిగింది. సముద్రపు నీరు ఇంకా క్షారమే. కానీ సున్నం కట్టడానికి పగడం మునుపటికన్నా ఎక్కువ శక్తి ఖర్చు పెట్టాలి. వేడికి ఆకలితో ఉన్న జీవికి ఆ శక్తే కరువు. (చూ. సముద్ర ఆమ్లీకరణ)

అండమాన్ తెలుగువారు

దిబ్బల పక్కనే జీవించే తెలుగు సమాజం అండమాన్‌లో ఉంది. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి మాతృభాష తెలుగు. వారిలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్లిన మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. గ్రూపర్, స్నాపర్ వంటి విలువైన చేపలు దిబ్బను నమ్ముకున్నవే. 2010 ఏప్రిల్, మే నెలల్లో అండమాన్ సముద్రం వేడెక్కినప్పుడు దక్షిణ అండమాన్ దిబ్బలు విస్తారంగా తెల్లబారాయి. వండూరు దగ్గర 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానం ఉన్నది కూడా ఆ దక్షిణ అండమాన్‌లోనే. వేటను, లంగర్లను ఆపగలిగే సరిహద్దు వేడి నీటిని ఆపలేదు.

హైదరాబాదు నుంచి హెచ్చరిక

భారత దిబ్బల మీద వేడిని గమనించే కేంద్రం సముద్రం కనిపించని హైదరాబాదులో, ప్రగతినగర్‌లో ఉంది. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) భూవిజ్ఞాన శాఖ కింద పనిచేస్తుంది. మత్స్యకారులకు చేపలు దొరికే ప్రాంతాల సమాచారం, సునామీ హెచ్చరికలు ఇచ్చేదీ ఇదే. 2011 నుంచి ఈ కేంద్రం పగడాలు తెల్లబారే ప్రమాదంపై హెచ్చరికలు వెలువరిస్తోంది. ఉపగ్రహాలు కొలిచిన ఉపరితల ఉష్ణోగ్రతను ఆయా చోట్ల హద్దుతో పోల్చి, పోగైన వేడిని లెక్కకట్టి, ఏ దిబ్బ ఏ స్థాయి ప్రమాదంలో ఉందో పటాల రూపంలో చూపుతుంది. హెచ్చరిక వేడిని తగ్గించలేదు. ఏ రోజున ఎక్కడ దిగి చూడాలో పరిశోధకులకు, ఎప్పుడు పర్యాటకుల పడవలను, వేటను కొన్నాళ్లు ఆపాలో అధికారులకు చెప్పగలదు.

రక్షణ, పునరుద్ధరణ

రాతి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. వాటిని తవ్వడం, అమ్మడం నేరం. మన్నార్‌లో విరిగిన కొమ్మలను సిమెంటు పలకలకు కట్టి మళ్లీ నాటుతున్నారు. గుజరాత్‌లోని మిఠాపూర్ దగ్గర 2020లో జూలాజికల్ సర్వే బయోరాక్ పద్ధతిని ప్రయత్నించింది. నీటిలో దించిన ఇనుప చట్రానికి స్వల్ప విద్యుత్తు ఇస్తే దానిమీద సున్నం పేరుకుంటుంది, ఆ సున్నం మీద పగడపు ముక్కలు అతుక్కుంటాయి. ఈ పనులు జరిగేవి చదరపు మీటర్ల లెక్కన. దిబ్బలు పోతున్నది చదరపు కిలోమీటర్లలో. వాతావరణ మార్పుల అంతర్‌ప్రభుత్వ సంఘం 2018 నివేదిక ప్రకారం భూతాపం 1.5 డిగ్రీలకు చేరితే వెచ్చని నీటి పగడాల్లో 70–90 శాతం, 2 డిగ్రీలకు చేరితే 99 శాతానికి పైగా క్షీణిస్తాయి.

భారత దిబ్బలకు ఏటా కీలకమైన గడువు ఏప్రిల్, మే నెలలు. అప్పుడు గాలి తక్కువ, ఎండ నేరుగా పడుతుంది, పైనీరు కదలక కాగుతుంది. నైరుతి రుతుపవనాలు వస్తూనే మబ్బు ఎండను అడ్డుకుంటుంది, గాలి నీటిని చిలికి అడుగు చల్లదనాన్ని పైకి తెస్తుంది. రుతుపవనాలు మామూలుగా మే మూడు, నాలుగు వారాల్లో అండమాన్ సముద్రాన్ని, జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకుతాయి. కంది విత్తడానికి తాండూరు రైతు ఎదురుచూసే వాన అదే. అది వారం ఆలస్యమైతే దిబ్బ మీద పోగైన వేడి మరో వారం లెక్కకు చేరుతుంది.